అపటానీ స్త్రీల ముక్కు బిళ్లలు అందం చెడగొట్టుకోవడానికేనా?

శత్రువుల కళ్లకు అందవిహీనంగా కనిపించాలనే అరుణాచల్ ప్రదేశ్‌లోని అపటానీ తెగ స్త్రీలు ముక్కుకు బిళ్లలు పెట్టుకున్నారా, జిరో వెళ్తే వాటిని కొనుక్కోవచ్చా అని అడిగారు.

ఆ కథ అరుణాచల్‌లోని జిరో లోయకు వెళ్లిన ప్రతివారి చెవినా పడుతుంది. పొరుగు తెగలవాళ్లు దాడి చేసి ఆడవాళ్లను ఎత్తుకుపోయేవారట, అందుకని ముఖాలు పాడు చేసుకున్నారట. అపటానీల్లోనే కొందరు ఇలా చెబుతారు కాబట్టి నేను కొట్టిపారేయను. కానీ ఆ ఒక్క కారణంతో లెక్క కుదరదు. ఆడవాళ్లు బిళ్లలతో పాటు ముఖం మీద పచ్చబొట్టూ పొడిపించుకునేవారు. ఆ పచ్చబొట్టు మగవాళ్లకూ ఉంది, కింది పెదవి కింద గడ్డం మీద. మరి వాళ్లను ఎవరు ఎత్తుకుపోతారని?

నేను బస చేసిన ఇంట్లో ఒక అవ్వ ఉండేది. పొయ్యి పక్కన కూర్చుంటే మంట వెలుగులో ముఖమంతా స్పష్టంగా కనిపించేది. నుదుటి నుంచి ముక్కు కొస దాకా నీలం తిరిగిన గీత, గడ్డం మీద నిలువు గీతలు. రెండు ముక్కుపుటలకూ నల్లటి గుండ్రని బిళ్లలు. చిన్నప్పుడు చిన్న బిళ్లతో మొదలుపెట్టి, రంధ్రం సాగేకొద్దీ పెద్దవి మార్చేవారట. పచ్చబొట్టుకైతే ముళ్లతో పొడిచి, పంది కొవ్వులో కలిపిన మసి పూసేవారు. నొప్పి సంగతి అడిగితే అవ్వ నవ్వేసింది. "మా కాలంలో బిళ్ల లేని పిల్లను అందగత్తె అనేవారా?" అన్నదట. మనవరాలు హిందీలో చెప్పింది. ఆమె ముక్కుకు మాత్రం ఏమీ లేదు. చదువులకు, ఉద్యోగాలకు బయటికి వెళ్లినవాళ్లు ఎగతాళి పడలేక, 1970ల్లో అపటానీ యువకులే ఈ ఆచారాన్ని ఆపించారు. అందుకే ఇవి ఇప్పుడు ముసలివాళ్ల ముఖాల మీదే కనిపిస్తాయి.

మగవాళ్ల అలంకారం గురించి ఎవరూ అడగరు, నాకు అదీ ఆశ్చర్యమే. జుట్టు నుదుటి మీదకు తెచ్చి ముడి వేసి, అందులో అడ్డంగా పొడవాటి ఇత్తడి పుల్ల గుచ్చేవారు. మన ఆదిలాబాద్ గోండుల మధ్య పనిచేసిన, మార్లవాయి ఊరివాళ్లు ఇప్పటికీ తలచుకునే మానవ శాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ 1944లో జిరో వెళ్లి తీసిన ఫొటోల్లో ఇవి కనిపిస్తాయి. ఆ సేకరణ లండన్‌లోని సోయాస్ అనే విద్యాసంస్థలో ఉంది, ఇంటర్నెట్‌లోనూ చూడవచ్చు.

ఇక కొనడం సంగతి. ముక్కు బిళ్ల ఒక మనిషి ముక్కుకు సరిపడేలా ఇంట్లో చేసుకున్నది, ముసలామెను అడిగి బేరమాడకండి. జిరోలోని హపోలీ బజారులో పూసల దండలు, వెదురు సామాను దొరుకుతాయి, అవి తెచ్చుకోండి. ఫొటో తీసే ముందు తప్పకుండా అడగండి. అరుణాచల్‌లోకి వెళ్లడానికి కావలసిన అనుమతి పత్రం, ఇన్నర్ లైన్ పర్మిట్, ముందే తీసుకోవాలి. మార్చిలో మ్యోకో, జూలై 5న ద్రీ పండుగలు జరుగుతాయి. ఆ రోజుల్లో వెళ్తే పూసలూ ఇత్తడి నగలూ అన్నీ బయటికి తీస్తారు. గది మాత్రం ముందే చూసుకోండి.