మొటిమల గుంటలకు లేజర్ సరే.. ఆ ట్యూబు ఎవరిచ్చారు?

ప్రశ్న: నా వయసు 24. గుంటూరులో ఉద్యోగం. ఇంటర్ నుంచీ మొటిమలు. ఇప్పుడు బుగ్గల మీద గుంటలు, నల్ల మచ్చలు మిగిలాయి. మెడికల్ షాపులో ఇచ్చిన క్రీము ఎనిమిది నెలలుగా రాస్తున్నాను. మొదట్లో ముఖం బాగా తేటపడింది. ఇప్పుడు రెండు రోజులు మానేస్తే మంట, ఎర్రటి పొక్కులు. రెండు నెలల నుంచి రోజుకో క్యాప్సూల్ కూడా ఇస్తున్నారు. మూడు నెలల్లో నా పెళ్లి. ఈలోగా లేజర్ చేయించుకుంటే గుంటలు పూర్తిగా పోతాయా? ఎన్ని సిట్టింగులు పడతాయి? కారం మానేయాలా?
– ఓ పాఠకురాలు, గుంటూరు

జవాబు: లేజర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ క్రీము, ఆ క్యాప్సూల్ ఏమిటో తేలాలి. రెండింటి పేర్లూ మీరు రాయలేదు.

రాయగానే తేటపడటం, మానగానే మంట, పొక్కులు.. ఇవి చదివితే అది స్టెరాయిడ్ కలిసిన క్రీమేమోనని నా అనుమానం. ముఖం చూడకుండా ఖాయంగా చెప్పలేను. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో మొమెటసోన్, బీటామెథసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్ లాంటి పేరేదైనా ఉందేమో చూడండి. దాంతోపాటు హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కలిపిన ట్యూబులూ చాలా ఉన్నాయి. ఇవి చెడ్డ మందులేమీ కావు. మంగు మచ్చలకు మేమూ రాస్తాం, కానీ కొన్ని వారాలకే, మధ్యమధ్యలో ముఖం చూస్తూ. అదే నెలల తరబడి రాసుకుంటే చర్మం పలచబడుతుంది. సన్నటి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి. నూగు పెరుగుతుంది. ఎండలోకి వెళ్తే ముఖం చుర్రుమంటుంది. పైగా స్టెరాయిడ్ వల్లే కొత్త మొటిమలు వస్తాయి. మానేస్తే రెట్టింపు వస్తాయి కాబట్టి, ‘ఈ క్రీము లేకపోతే నా ముఖం ఇంతే’ అనుకుని మళ్లీ అదే షాపుకు వెళ్లి ఇంకో ట్యూబు తెచ్చుకుంటారు. నా ఓపీలో ఈ కథ వినని వారం ఉండదు. ఇలాంటి చాలా స్టెరాయిడ్ పూతమందులను కేంద్ర ప్రభుత్వం 2018లో షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా పాత ట్యూబు చూపిస్తే చాలు, కొత్తది చేతికొస్తుంది.

అలాగని ఇది చదివి ఈ రాత్రే పారేయకండి. కొందరికి వెంటనే ఆపిస్తాం, కొందరికి మోతాదు తగ్గిస్తూ, వేరే రకం మందు తోడిస్తూ మాన్పిస్తాం. అది ట్యూబులో ఏముందో, చర్మం ఎంత దెబ్బతిందో బట్టి ఉంటుంది. మానిన తొలివారాల్లో ముఖం ఇంకా పాడైనట్టే కనిపిస్తుంది. ఆ రోజుల్లోనే ఎక్కువమంది టెన్షన్ పడి మళ్లీ మొదలుపెడతారు. చర్మం కుదురుకోవడానికి నెలలు పట్టొచ్చు.

ఇక క్యాప్సూల్. నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఇదే. అట్ట మీద ఐసోట్రెటినాయిన్ అని ఉంటే, ఇవాళ్టి నుంచే ఆపి డాక్టర్ని కలవండి. తీవ్రమైన మొటిమలకు అంత గట్టిగా పనిచేసే మందు ఇంకొకటి లేదు, నేనూ తరచూ రాస్తాను. కానీ అది వాడుతుండగా గర్భం వస్తే బిడ్డకు తీవ్రమైన అవకరాలు వచ్చే ప్రమాదం ఉంది. వాడినన్నాళ్లూ, ఆపాక కనీసం నెల రోజులూ గర్భం రాకుండా చూసుకోవాలి. మొదలుపెట్టే ముందు గర్భం లేదని పరీక్ష చేసి నిర్ధారించుకోవాలి. కాలేయం, కొవ్వుల రక్తపరీక్షలూ చేయించాలి. మీకు పెళ్లి కుదిరిందని ఆ షాపులో తెలుసా? ఎవరూ అడిగి ఉండరు. అది డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ అయితే అదో రకం జాగ్రత్త, గర్భంలో అదీ పనికిరాదు. ఈ రెండూ కలిపి అసలు వాడకూడదు, తలలో ఒత్తిడి పెరగొచ్చు. విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆసుపత్రికి వెళ్లండి. చదువుకున్న అమ్మాయివి, నోట్లో వేసుకునే మందు పేరైనా చదవాలి కదమ్మా!

గుంటల విషయానికొస్తే, ముందు మచ్చ వేరు, గుంట వేరు. పక్క నుంచి వెలుతురు పడేలా అద్దం ముందు నిలబడండి. చర్మం సమంగా ఉండి రంగు మాత్రమే నల్లగా ఉంటే అది మచ్చే. కొత్త మొటిమలు రాకుండా, గిల్లకుండా, రోజూ సన్‌స్క్రీన్ రాసుకుంటే చాలావరకు కొన్ని నెలల్లో తగ్గుతుంది. దానికి లేజర్ అక్కర్లేదు. నీడ పడేలా లోతు కనిపిస్తే అది గుంట. ఏ క్రీమూ దాన్ని పూడ్చలేదు, ప్రకటనల్లో ఏం చూపించినా సరే.

గుంటల్లోనూ రకాలున్నాయి. సూదితో పొడిచినట్టు సన్నగా, లోతుగా ఉన్నవాటికి టీసీఏ అనే గాఢమైన ఆమ్ల ద్రావణాన్ని చుక్కగా ఆ గుంటలోనే పెడతాం. వెడల్పుగా, అలలుగా ఉన్నవి అడుగున పీచులాంటి కణజాలం చర్మాన్ని లోపలికి లాగి పట్టుకోవడం వల్ల వస్తాయి. వాటికి సూదితో ఆ పీచును తెంచే సబ్‌సిషన్ ముందు చేయాలి, పైపైన లేజర్ కొట్టి లాభం లేదు. అంచులు నిటారుగా, అడుగు సమంగా ఉన్న గుంటలకు ఫ్రాక్షనల్ లేజర్ (చర్మం మీద చుక్కలు చుక్కలుగా కొట్టే లేజర్), మైక్రోనీడ్లింగ్ (సన్నటి సూదులతో పొడవడం) పనికొస్తాయి. చాలామంది బుగ్గల మీద మూడు రకాలూ కలిసే ఉంటాయి. కాబట్టి ఎన్ని సిట్టింగులో ముఖం చూడకుండా ఎవరు చెప్పినా నమ్మకండి. సాధారణంగా నెలా నెలన్నర వ్యవధితో చాలా సిట్టింగులు పడతాయి, ఆ తర్వాత చర్మానికి బిగువునిచ్చే కొలాజెన్ కొత్తగా ఏర్పడటానికి ఇంకొన్ని నెలలు. గుంటలు బాగా తగ్గొచ్చు. పూర్తిగా పోతాయని మాత్రం నేను రాసివ్వలేను.

మన చామనఛాయ చర్మానికి ఇంకో చిక్కుంది. లేజర్ తర్వాత ఆ చోటే నల్లబడొచ్చు, అది తగ్గడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మీ చర్మం ఇప్పటికే మండుతోంది, మొటిమలూ ఆగలేదు. ఈ స్థితిలో పెళ్లి ముందు హడావిడిగా లేజర్ వద్దనే నా సలహా. క్యాప్సూల్ వాడిన సంగతి కూడా లేజర్ చేసే డాక్టర్‌కు తప్పకుండా చెప్పాలి. గుంటలు ఏడాది ఆగినా ముదరవు. మొటిమలు అలా కాదు, ఆలస్యమైతే కొత్త గుంటలు పడతాయి. అందుకే ఈ మూడు నెలలూ వాటిని అదుపు చేయడానికి పెట్టుకోండి, ఫొటోల సంగతి మేకప్ చూసుకుంటుంది. పెళ్లికూతుర్ని చేసేటప్పుడు నలుగు చేతులకు, కాళ్లకు పెట్టి ముఖాన్ని వదిలేయమని మీ పెద్దవాళ్లకు చెప్పండి. ఇంట్లో సూదుల రోలర్లు, నిమ్మరసం, టూత్‌పేస్టు ప్రయోగాలు వద్దు. స్కూటీ మీద చున్నీ కట్టుకున్నా సన్‌స్క్రీన్ మానొద్దు.

కారం మానక్కర్లేదు. గుంటూరులో ఉండి అదెలాగూ కుదరదు! మిరపకాయల వల్ల మొటిమలు వస్తాయనడానికి గట్టి ఆధారం లేదు. కూల్‌డ్రింకులు, స్వీట్లు తగ్గిస్తే కొందరికి మేలు.

మీరు రాయని విషయం ఒకటి: నెలసరి సరిగ్గా వస్తోందా? గడ్డం, దవడ కింద మొటిమలు, అవాంఛిత రోమాలు ఉంటే హార్మోన్ల సమస్య ఉందేమో చూడాలి. ఈ వారంలోనే చర్మవ్యాధుల నిపుణుల్ని కలవండి. కొత్తపేటలో చాలామంది ఉన్నారు. ఖర్చు ఇబ్బందైతే ప్రభుత్వాసుపత్రి (జీజీహెచ్) ఓపీకి వెళ్లండి. ట్యూబు, క్యాప్సూల్ అట్ట, క్రీము మొదలుపెట్టక ముందు దిగిన ఫొటో ఏదైనా ఉంటే అదీ పట్టుకెళ్లండి.