అద్దకం రోజుకు ముందు, నీకు పెద్దమ్మ రాస్తున్న మాటలు

పోచంపల్లి

చిరంజీవి బిడ్డకు పెద్దమ్మ ఆశీస్సులు.

ఉద్యోగం వచ్చిన సంతోషాన్ని హోటల్లో విందుతో ముగించకుండా, స్నేహితురాళ్లను వెంటబెట్టుకొని మన ఇంటికి వచ్చి, రోజంతా బట్టకు ముడులు వేసి రంగు అద్దుతూ గడుపుతానని నువ్వు ఫోన్లో చెప్పినప్పటి నుంచి నా మనసు ఆ రోజు చుట్టే తిరుగుతున్నది. ముప్పై ఏళ్లకు పైగా నూలుకు ముడులు కట్టిన దాన్ని కనుక, మీరు వచ్చేలోపు తెలిసి ఉండవలసిన సంగతులను వివరంగా రాస్తున్నాను.

నువ్వు పంపిన పట్టికలో అద్దకంతో పాటు మట్టి బొమ్మలు, కొవ్వొత్తులు, ఇంకా రెండు మూడు ఆటలు కూడా ఉన్నాయి. అవన్నీ తీసేసి అద్దకం ఒక్కటే ఉంచు. కొత్త పని చేతికి రావాలంటే ఒక పూట దాని వెంటే ఉండాలి. పైగా రంగు మన తొందరను లెక్కచేయదు, తన సమయం తను తీసుకుంటుంది. బట్ట రంగులో నానుతున్నంత సేపూ మీకు వేరే పని ఉండదు కాబట్టి మాట్లాడుకోవడానికీ, నవ్వుకోవడానికీ, భోజనానికీ కావలసినంత తీరిక దానంతటదే దొరుకుతుంది.

బట్ట విషయంలో మాత్రం రాజీ పడవద్దు. స్వచ్ఛమైన నూలు బట్ట మనిషికి ఒక మీటరు చాలు. దుకాణంలో నూలు అన్నంత మాత్రాన నమ్మక, అంచు నుంచి ఒక పోగు లాగి వెలిగించి చూడు. నూలైతే కాగితం కాలిన వాసనతో మెత్తని బూడిద అవుతుంది, పాలిస్టర్ కలిస్తే కరిగి గట్టి ముద్ద కడుతుంది. అటువంటి బట్టకు మనం వాడే రంగు సరిగా పట్టదు. కొత్త బట్టలో గంజి ఉంటుంది కనుక ముందు రోజు రాత్రే సబ్బు వేసిన వేడి నీటిలో ఉతికి పెట్టాలి.

ముడి వేయడమే ఈ పనిలో అసలు భాగం. తడి బట్ట కింద ఒక చింతగింజ పెట్టి, దాన్ని పైకెత్తి, మెడ దగ్గర పాత సైకిల్ ట్యూబు నుంచి కోసిన సన్నని రబ్బరు పట్టీని లాగి లాగి చుట్టాలి. పట్టీ బట్టలోకి దిగి, వేలితో కదిపినా కదలకూడదు. కట్టు వదులైతే రంగు దాని కిందికి పాకి తెల్లగా ఉండవలసిన చోటు మసకబారుతుంది. నేర్చుకున్న తొలి రోజుల్లో ఆత్రం ఆపుకోలేక, పై రంగు పూర్తిగా కడగకముందే ముడులు విప్పేశాను. ఎరుపు జారి తెల్ల చుక్కలన్నీ గులాబీ రంగుకు తిరిగాయి, వారం రోజుల శ్రమ నా కళ్ల ముందే పోయింది. అందుకే మరీ మరీ చెబుతున్నాను, కడిగిన నీళ్లు తేటగా వచ్చేదాకా ఒక్క ముడి కూడా విప్పవద్దు.

రంగులు రెండు చాలు, లేత రంగు ముందు, ముదురు రంగు తరువాత. ఉదయం పసుపులో ముంచి తీశాక, పసుపుగానే మిగలాలనుకున్న చోట మళ్లీ కట్టి, తరువాత నీలంలో వేస్తే మిగిలినదంతా ఆకుపచ్చగా మారుతుంది, మొదట కట్టిన చోట తెలుపు నిలుస్తుంది. చల్లని నీటిలో పట్టే రియాక్టివ్ రంగులే తెప్పిస్తాను. మా మగ్గాల పనిలో కాస్టిక్ సోడాతో, వేడి నీళ్లతో చేసే అద్దకం కూడా ఉన్నది కానీ, కొత్త చేతులకు దాన్ని నేను ఇవ్వను. లీటరు నీటికి దాదాపు 50 గ్రాముల ఉప్పు, ఆ తరువాత రంగు బట్టకు అంటుకుని నిలిచేలా చేసే సోడా యాష్ 20 గ్రాములు పడాలి. వంటసోడా పనికిరాదు. సోడా కలిపిన రంగు ఆ పూటకే పనిచేస్తుంది, మరునాటికి దాచుకోలేము. పొడి డబ్బా తెరిచేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి, చేతులకు తొడుగులు ఉండాలి. మీలో ఎవరికైనా ఉబ్బసం ఉంటే ముందే చెప్పు, రంగు కలిపే వేళ ఆమెను దూరంగా కూర్చోబెడతాను. రంగు కలిపిన గిన్నె మళ్లీ వంటింట్లోకి రాకూడదు.

మీరు చేసిన బట్టను దయచేసి పోచంపల్లి ఇక్కత్ అని ఎవరితోనూ అనకండి. నేసిన బట్టకు ముడులు వేయడం వేరు, నేయకముందే నూలును లెక్క ప్రకారం కట్టి, రంగు వేసి, మగ్గం మీద పోగుకు పోగు కలిపి బొమ్మ తేవడం వేరు. పుట్టపాకలో తేలియా రుమాలు అనే ఇక్కత్ బట్ట కోసం నూలును నూనెలోనూ, ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. ఆ తేడాను కళ్లారా చూడాలని, పసుపు నానుతున్న సమయంలో మిమ్మల్ని పక్కింటి మగ్గం దగ్గరికి తీసుకెళతాను. చెప్పులు విప్పి వెళ్లండి, అడగకుండా పోగును ముట్టుకోకండి. తల్లి భుజాల నొప్పి చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు కనిపెట్టిన ఆసు యంత్రం అక్కడ నడుస్తుంది. ఆసు పోయడమంటే, ముడులు కట్టేముందు నూలును మేకుల చుట్టూ అటూ ఇటూ చేత్తో తిప్పడం. ఆయనకు 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రం రాకముందు ఆసు పోసిన ఆడవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి దాని విలువ నా భుజానికి తెలుసు.

స్నేహితుల మధ్య పని గురించి ఒక్క మాట. ఎవరి బట్ట వాళ్లే కట్టుకోవాలి, వాళ్లే విప్పుకోవాలి. ఒకరి చేయి నెమ్మదిగా నడుస్తుంటే జాలిపడి వాళ్ల చేతిలోని పట్టీ లాక్కోవద్దు. నీకు అందంగా కట్టడం త్వరగానే వస్తుంది, చిన్నప్పటి నుంచి చూశావు. అందువల్ల ఆ రోజు నువ్వు మాట్లాడేది తగ్గించి, వాళ్లు అడిగినప్పుడే చూపించు. అది నీ ఉద్యోగపు వేడుకే అయినా, వాళ్లు మొదటిసారి తమ చేత్తో చేసే పని కూడా అదే కదా.

నీలం నానుతుండగా భోజనం పెడతాను. బగారా అన్నం, నాటుకోడి కూర, సాయంత్రానికి సర్వపిండి. రంగు కలిపిన చోట కాకుండా వెనక వాకిట్లో వేపచెట్టు కింద కూర్చుందాం. నాలుగు గంటలకు బట్టలు కడిగి, అందరూ ఒకేసారి ముడులు విప్పి, నీడన దండెం మీద ఆరవేయండి.

ఎంతమంది వస్తున్నారో గురువారం లోపు తెలియజేయి. రబ్బరు పట్టీలు కోయడానికి నాకు ఒక రోజు పడుతుంది.

నీ పెద్దమ్మ