‘మనుషులకు వాడరాదు’ అని రాసున్న ప్రోటీన్‌తో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ బయోటెక్నాలజీ ఫైనలియర్. కాలేజీ టూర్‌లో ఒక ల్యాబ్‌లో ‘రీకాంబినెంట్ హ్యూమన్ ఈజీఎఫ్’ అనే చిన్న వయల్ చూసిందట. అప్పటి నుంచి తనూ అలాంటివే తయారు చేస్తానంటోంది. దాని మీద ‘పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు’ అని ఉందట. మనిషి ప్రోటీన్ మనిషికే పనికిరాకపోతే అందులో ఉద్యోగాలేం ఉంటాయి? ఒక ప్రైవేటు సంస్థ రూ.80 వేలకు మూడు నెలల ట్రైనింగ్ ఇచ్చి ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటోంది. అందులో చేర్చమంటారా, ఎమ్మెస్సీ చదివించమంటారా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: ఎమ్మెస్సీయే చదివించండి. ఆ ఎనభై వేలు ఇప్పుడే కట్టకండి.

ముందు మీ అనుమానం సంగతి చూద్దాం. ఆ వయల్‌లో ఉన్నది మనిషి ఒంట్లోంచి తీసింది కాదండీ. ఈజీఎఫ్ అంటే చర్మకణాలు పెరగడానికి సంకేతమిచ్చే ప్రోటీన్, 53 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. దాన్ని కనిపెట్టిన స్టాన్లీ కోహెన్ 1986లో నోబెల్ పంచుకున్నారు. మనిషి జన్యువును ఈ.కోలై బ్యాక్టీరియాలోనో ఈస్ట్‌లోనో పెట్టి, వాటి చేత ఈ ప్రోటీన్ తయారు చేయిస్తారు. 1982లో అమెరికాలో అనుమతి వచ్చిన హ్యూమన్ ఇన్సులిన్ కూడా ఇలా తయారైనదే.

‘మనుషులకు వాడరాదు’ అన్నది ప్రోటీన్ గురించి కాదు, ఆ బ్యాచ్ గురించి. మందుల నిబంధనల ప్రకారం దాన్ని తయారు చేయలేదు, ఆ పరీక్షలన్నీ పెట్టలేదు అని అర్థం. ల్యాబ్‌లో పెంచే కణాలకు మైక్రోగ్రాముల్లో వేసుకోవడానికి అది చాలు. ఇదే ఈజీఎఫ్‌ను నిబంధనల ప్రకారం తయారు చేసి, షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండ్లకు రీజెన్-డి అనే జెల్‌గా తెచ్చింది మన హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్.

కాబట్టి ఉద్యోగాలు రెండు రకాలు. రీసెర్చ్ గ్రేడ్ వైపు ఇవాళ ఒక ప్రోటీన్, వచ్చే నెల ఇంకొకటి. పని సరదాగా ఉంటుంది, ఖాళీలు తక్కువ. మందుల వైపు ఒకే ప్రోటీన్‌తో ఏళ్ల తరబడి పని. షిఫ్టులు, బ్యాచ్ రికార్డులు, నాణ్యత పరీక్షలు (క్యూసీ), నాణ్యత పర్యవేక్షణ (క్యూఏ). హైదరాబాద్ దగ్గర బయోటెక్ కంపెనీలుండే జీనోమ్ వ్యాలీ చుట్టుపక్కల ఖాళీలు ఎక్కువగా ఉండేది ఇక్కడే. మీ అమ్మాయి మనసు మొదటి దాని మీద ఉన్నా, తొలి జీతం రెండో వైపు నుంచే రావచ్చు. ఈ మాట తనతో ఇప్పుడే అనండి.

ఇక ట్రైనింగ్. ఈజీఎఫ్‌లో మూడు డైసల్ఫైడ్ బంధాలుంటాయి, అంటే గొలుసును సరైన మడతలో పట్టి ఉంచే ముడులు. ఈ.కోలై కణం లోపల అవి సరిగా ఏర్పడవు. ప్రోటీన్ ‘ఇన్‌క్లూజన్ బాడీ’ అనే పనికిరాని ముద్దగా మిగులుతుంది. దాన్ని యూరియాలో కరిగించి, మెల్లగా మళ్లీ సరైన మడతలోకి తేవాలి. రోజులు గడిచిపోయేది ఇక్కడే. తీరా ప్రోటీన్లను సైజును బట్టి విడదీసి చూపించే ల్యాబ్ జెల్ నడిపితే, ఇది 6 కిలోడాల్టన్ల (ప్రోటీన్ బరువు కొలత) బుల్లి ప్రోటీన్ కదా, మామూలు జెల్‌లో చటుక్కున కింది నుంచి జారిపోతుంది. అది చూసి ప్రోటీనే రాలేదనుకుని పిల్లలు టెన్షన్ పడతారు. జెల్ మీద ప్రోటీన్ గీత (బ్యాండ్) కనిపించినా పని అయిపోలేదు. కణాల మీద వేసి, అవి పెరుగుతున్నాయో లేదో చూడాలి. ఇంటర్వ్యూలో అడిగేది కూడా ఇదే: ‘బ్యాండ్ వచ్చింది, ప్రోటీన్ పనిచేయలేదు, ఎందుకు?’ సొంతంగా చేసిన పిల్లకు నోట్లోంచి జవాబు దానంతటదే వస్తుంది. ప్రోటీన్‌ను శుద్ధి చేసే గొట్టం (కాలమ్) ఒక్కదాని చుట్టూ ఇరవై మందిని నిలబెట్టి చూపించే కోర్సులో అది రాదు.

అయినా చేర్చాలనుకుంటే ఆ సంస్థను రెండు మాటలడగండి. జన్యువును బ్యాక్టీరియాలో పెట్టడం (క్లోనింగ్) నుంచి ప్రోటీన్‌ను శుద్ధి చేయడం (ప్యూరిఫికేషన్) దాకా అమ్మాయి తన చేత్తో చేస్తుందా? ప్లేస్‌మెంట్ రాకపోతే ఫీజు వాపసు ఇస్తామని కాగితం మీద రాసిస్తారా? సాధారణంగా రెండో ప్రశ్నకే వాళ్ల గొంతు మారుతుంది!

ఎమ్మెస్సీకి ఐఐటీల వైపు జామ్, కేంద్ర బయోటెక్నాలజీ విభాగం మద్దతు ఉన్న కోర్సులకు గ్యాట్-బి అనే ప్రవేశ పరీక్షలు రాయించండి. ఏపీ పీజీసెట్ ఎలాగూ ఉంది. సీటు ఎంచుకునేటప్పుడు కాలేజీ బిల్డింగ్ చూడకండి, చివరి సెమిస్టర్ ప్రాజెక్టు ఏ ల్యాబ్‌లో చేయిస్తారో సీనియర్లను అడగండి. ప్రోటీన్ మీద ఆరు నెలల సొంత ప్రాజెక్టు చేతిలో ఉంటే ఆ 80 వేల సర్టిఫికెట్ అవసరమే రాదు. తర్వాత పీహెచ్‌డీ అంటే సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధక విద్యార్థులకిచ్చే ఫెలోషిప్) తెచ్చుకుంటే మంచిది. వస్తే నెలకు రూ.37 వేలు ఫెలోషిప్, ఇంటి నుంచి పంపాల్సిన పనుండదు.

జీతం విషయంలో మాత్రం పక్కింటి సాఫ్ట్‌వేర్ అబ్బాయితో పోల్చకండి. మొదటి మూడు నాలుగేళ్లు ఆ లెక్క కుదరదు. అందుకే లక్షలు అప్పు చేసి ప్రైవేటు ఎమ్మెస్సీలో చేర్పించడం కూడా నాకు నచ్చదు. జామ్ దరఖాస్తులు మామూలుగా సెప్టెంబర్‌లో మొదలవుతాయి, పరీక్ష ఫిబ్రవరిలో. ఈ ఏడాది గడువు దాటిపోయి ఉంటే గ్యాట్-బి, పీజీసెట్ నోటిఫికేషన్ల మీద కన్నేసి ఉంచమనండి.