న్యూక్లియస్ లేని కణం బతికున్నట్టేనా?

ప్రశ్న: నమస్తే మాస్టారూ. నేను బైపీసీ ఫస్టియర్. బోటనీలో కణం చాప్టర్ చదివాం, పటం గీసి అన్ని పార్టులూ గుర్తించడం కూడా వచ్చేసింది. కానీ మొన్న జువాలజీ మేడమ్ ఎర్ర రక్త కణంలో న్యూక్లియస్ ఉండదు, మైటోకాండ్రియా కూడా ఉండవు అన్నారు. న్యూక్లియస్సే అన్నిటినీ నడిపిస్తుంది అని కదా రాస్తున్నాం, మరి అది లేనిది కణం ఎలా అవుతుంది? బతికున్నట్టా లేనట్టా?
— విద్యార్థిని, ఏలూరు

జవాబు: బతికే ఉంటుందమ్మా, 120 రోజులదాకా బతుకుతుంది. చాలా మంచి ప్రశ్న వేశావు, ఎందుకంటే పుస్తకంలో ఆ పటం చూసి చూసి ప్రతి కణం లోపలా అచ్చం అలాగే ఉంటుందని మనసులో పడిపోతుంది. నిజానికి అలాంటి కణం మన ఒంట్లో ఎక్కడా దొరకదు, అన్ని కణాంగాలూ ఒకేచోట చూపించడానికి గీసిన బొమ్మ అది. ఏ కణం చేసే పనిని బట్టి దాని లోపలి సరంజామా ఉంటుంది. గుండె కండరం క్షణం ఆగకుండా కొట్టుకోవాలి కాబట్టి ఆ కణాల్లో దాదాపు మూడోవంతు జాగా శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలదే. క్లోమంలో జీర్ణరసాలు తయారుచేసే కణాలు చూస్తే గరుకు అంతర్జీవ ద్రవ్యజాలం కిక్కిరిసి ఉంటుంది, అక్కడ పొద్దస్తమానం ప్రొటీన్ల తయారీయే పని మరి. కంటి కటకంలో కణాలైతే ముదిరాక న్యూక్లియస్‌నీ మిగతా కణాంగాలనీ వదిలేస్తాయి, అవి అడ్డుంటే వెలుగు చెదిరిపోతుంది కాబట్టి.

ఇక ఎర్ర కణం సంగతి. పుట్టినప్పుడు దానికీ అన్నీ ఉంటాయి. ఎముక మజ్జలో ఉన్నంతసేపూ ఆక్సిజన్‌ని మోసే ప్రొటీన్ హీమోగ్లోబిన్‌ని తయారుచేసుకుంటూ పోతుంది, అది సరిపడా అయ్యాక న్యూక్లియస్‌ని బయటికి నెట్టేస్తుంది, పక్కనే ఉన్న మాక్రోఫేజ్, అంటే చెత్తని మింగి శుభ్రం చేసే కణం, దాన్ని మింగేస్తుంది. తర్వాత కొద్ది రోజుల్లో మైటోకాండ్రియాలూ, ప్రొటీన్లు తయారుచేసే రైబోజోములూ కూడా పోతాయి. మిగిలేది ఏంటంటే ఒక పొర, దాని లోపల సుమారు 27 కోట్ల హీమోగ్లోబిన్ అణువులు. మధ్యలో నొక్కుకుపోయిన బిళ్ల ఆకారం, 7-8 మైక్రాన్ల వెడల్పు, అయినా తనకంటే సన్నటి రక్తకేశనాళికలోంచి మడతపడి దూరి వెళ్లిపోతుంది. లోపల గట్టి న్యూక్లియస్ ఉంటే అలా వంగడం కష్టం. మన ఇంట్లో కోడి రక్తం మైక్రోస్కోప్ కింద పెట్టి చూస్తే దాని ఎర్ర కణాల్లో న్యూక్లియస్ చక్కగా కనిపిస్తుంది, పక్షులకి ఉంటుంది, మనలాంటి క్షీరదాలకే ఉండదు. కాలేజీ ల్యాబ్‌లో కోడి రక్తం స్లైడ్ ఉంటే మేడమ్‌ని అడిగి తప్పకుండా చూడు.

మరి మైటోకాండ్రియా లేకుండా శక్తి ఎక్కణ్ణుంచి? గ్లూకోజ్‌ని గ్లైకాలిసిస్‌తో, అంటే ఆక్సిజన్ అక్కర్లేని పద్ధతిలో విరగ్గొట్టుకుంటుంది, ఒక్కో గ్లూకోజ్‌కి నికరంగా 2 ఏటీపీలే (కణం శక్తి కోసం ఖర్చుపెట్టే అణువులు) వస్తాయి, మైటోకాండ్రియా ఉంటే 30 దాకా వచ్చేవి. కానీ దీంట్లో గొప్ప లాభం ఉంది చూడు: మైటోకాండ్రియా ఆక్సిజన్ వాడేస్తాయి, ఈ కణం మోసుకెళ్లేదే ఆక్సిజన్, అవి లేవు కాబట్టి మోస్తున్నదాంట్లో తను చుక్క కూడా వాడుకోదు. ఏటీపీ పేరెత్తాను కాబట్టి ఒక మాట, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1929లో కండరంలోంచి దీన్ని వేరుచేశారు, అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనిపెట్టారు. మన పిల్లలు ఏటీపీ ఫార్ములా బట్టీపడతారు కానీ ఈయన పేరు చాలామందికి తెలీదు, నాకు అది నిజంగా బాధే.

న్యూక్లియస్ నడిపిస్తుంది అని నువ్వు రాసేది తప్పు కాదు. అది లేకపోవడానికి ఎర్ర కణం మూల్యం కడుతుంది. కొత్త ప్రొటీన్ చేసుకోలేదు, పొరలో లవణాల్ని లోపలికీ బయటికీ తోసే పంపు పాడైతే బాగుచేసుకోలేదు, విభజన చెందలేదు. రోజులు గడిచేకొద్దీ పొర బిరుసెక్కిపోయి చివరికి ప్లీహంలోని సన్నటి సందుల్లో ఇరుక్కుంటుంది, అక్కడ మాక్రోఫేజులు తినేస్తాయి, ఇనుము తీసి మళ్లీ వాడుకుంటాం. అందుకే మజ్జ సెకనుకి 20 లక్షలకి పైగా కొత్త కణాలు తయారుచేస్తూనే ఉండాలి.

ప్రశ్న: నాకు షుగర్ ఉంది సార్. మూడు నెలల టెస్ట్ అని ఒకటి రాస్తారు కదా, టెస్ట్ చేసేది ఈరోజు రక్తానికి, మూడు నెలల లెక్క అందులోకి ఎలా వస్తుంది?
— పాఠకుడు, నిజామాబాద్

జవాబు: పైన చెప్పిన 120 రోజుల సంగతే మీ జవాబు. రక్తంలో చక్కెర హీమోగ్లోబిన్‌కి నెమ్మదిగా అంటుకుంటుంది, ఒకసారి గట్టిగా అంటుకున్నాక ఆ కణం చచ్చిపోయేదాకా ఊడదు. కాబట్టి మీరు చెప్పిన మూడు నెలల టెస్ట్, హెచ్‌బీఏ1సీ అంటే ఎంత శాతం హీమోగ్లోబిన్‌కి చక్కెర పట్టిందో చూడటం, టెస్ట్ ముందు రోజు స్వీట్లు మానేసినంత మాత్రాన అది తగ్గదు. అయితే గడిచిన ఒక నెల ప్రభావం దాంట్లో కాస్త ఎక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త గట్టిగా చెప్పాలి. కణం 120 రోజులు బతుకుతుందన్న లెక్క మీదే ఈ టెస్ట్ నిలబడింది. సికిల్ సెల్, తలసేమియా లాంటి వంశపారంపర్య రక్త జబ్బులు ఉన్నవాళ్లలో కణాలు ముందే చచ్చిపోతే చక్కెర అంటుకునే టైమ్ ఉండదు, షుగర్ ఎక్కువున్నా రిపోర్ట్‌లో తక్కువ చూపించొచ్చు. ఈమధ్య రక్తం ఎక్కించుకున్నా లెక్క తప్పుతుంది. ఐరన్ తక్కువై రక్తహీనత ఉంటే ఉన్నదానికంటే ఎక్కువ చూపించొచ్చు. పాడేరు, ఆదిలాబాద్ వైపు ఆదివాసీ కుటుంబాల్లో సికిల్ సెల్ ఉంది కాబట్టి అక్కడివాళ్లు ఆ విషయం డాక్టర్‌కి ముందే చెప్పడం చాలా అవసరం.

ప్రశ్న: ఎర్ర కణంలో న్యూక్లియస్ లేదంటున్నారు, మరి రక్తంతో డీఎన్ఏ టెస్ట్ ఎలా చేస్తారండీ?
— గృహిణి, రాజమండ్రి

జవాబు: తెల్ల కణాల్లోంచి తీస్తారమ్మా, వాటికి న్యూక్లియస్ ఉంటుంది. ఎర్ర కణాలతో పోలిస్తే చాలా కొద్దిగానే ఉన్నా టెస్ట్‌కి ఆ కాస్త రక్తంలో ఉన్నవి చాలు. ఇంకో సంగతి, న్యూక్లియస్‌లోనే కాదు, మైటోకాండ్రియాల్లో కూడా సొంత డీఎన్ఏ ఉంటుంది, చిన్నదే, 37 జన్యువులు. ఒక్క కణంలోనే దాని కాపీలు వందల నుంచి వేల దాకా ఉంటాయి కాబట్టి, కుదురు లేకుండా తెగిపడిన వెంట్రుకలోంచి కూడా ఇది దొరుకుతుంది. ఇది తల్లి నుంచే బిడ్డలకి వస్తుంది, అందుకని దొరికిన అవశేషాలు ఎవరివో తేల్చాలంటే తల్లి, అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు, మేనమామ, వీళ్లలో ఎవరి నమూనాతోనైనా పోల్చి చూడొచ్చు.