కంబాలకొండలోకి దూకిన సింగళీకం: ఒక యువ రచయితకు లేఖ

విశాఖపట్నం

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి వచ్చిన కోపం రెండోసారికైనా చల్లారుతుందనుకున్నాను, చల్లారలేదు. అందుకే ఈ ఉత్తరం. కథ చివర నీ కుర్రవాడు గొళ్లెం తీస్తాడు, జూలోని ముసలి సింగళీకం, అంటే సింహపు తోక కోతి, గోడ దాటి కంబాలకొండ అడవిలోకి దూకుతుంది, కొమ్మ మీద కూర్చుని వెనక్కి తిరిగి నవ్వుతుంది. దానికి నువ్వు స్వేచ్ఛ అని పేరు పెట్టావు. బాబూ, నువ్వు ఆ ప్రాణిని చావుకు వదిలిపెట్టావు.

సింగళీకం పడమటి కనుమల జంతువు. కర్ణాటక, కేరళ, తమిళనాడుల్లోని తడి అడవుల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా అది సహజంగా బతకదు. ఎత్తయిన చెట్ల పైకొమ్మల్లోనే గుంపుగా తిరుగుతూ, పండ్లూ గింజలూ పురుగులూ తింటూ రోజు గడుపుతుంది. మన కంబాలకొండ తూర్పు కనుమల పొడి అడవి. అక్కడ దానికి తెలిసిన చెట్టు ఒక్కటీ ఉండదు, పిలిస్తే పలికే గుంపూ ఉండదు. ఇక కొమ్మ మీద కూర్చుని అది నవ్వేదేమిటి?

బ్రెజిల్‌లో గోల్డెన్ లయన్ టామరిన్ అనే చిన్న కోతులున్నాయి. వాటి చరిత్ర తెలిసి ఉంటే నువ్వు ఈ ముగింపు రాసేవాడివి కాదు. 1970ల తొలినాళ్లలో అడవిలో అవి సుమారు రెండు వందలే మిగిలాయని అంచనా వేశారు. 1984 నుంచి, జూలలో పుట్టినవాటిని అక్కడి అడవికి తీసుకెళ్లి వదలడం మొదలుపెట్టారు. అది వాటి సొంత అడవే. అయినా తొలి విడతలో వదిలినవాటిలో చాలా భాగం చనిపోయాయి. ఊగే సన్నని కొమ్మల మీద నడవడం వాటికి రాలేదు, బెరడు సందుల్లో దాగిన తిండిని వెతుక్కోవడం తెలియలేదు. ఆ తరువాత మనుషులు ఏళ్ల తరబడి వాటి వెంట తిరిగి, తిండి అందించి, కాపలా కాశారు. అడవిలో పుట్టిన పిల్లలు తల్లిదండ్రులకు రాని విద్యలు నేర్చుకున్నాయి. నేడు ఆ అడవుల్లో ఉన్న టామరిన్లలో దాదాపు మూడో వంతు జూల నుంచి వెళ్లినవాటి సంతతేనని చెబుతారు. నువ్వు ఒక్క వాక్యంలో ముగించిన పనికి అంత కాలం పట్టింది.

జంతువును జంతువుగా చూడలేనివాడు దాని గురించి కథ రాయకూడదన్నది నా గట్టి నమ్మకం. మన దగ్గర పంజరం కథల మోజు ఒకటి పట్టుకుని వదలడం లేదు. పోటీలకు వచ్చే కథల్లో ఊచల వెనుక ఏ ప్రాణి కనిపించినా అది ఒక స్త్రీకో, శ్రామికుడికో, దేశానికో గుర్తుగా నిలబడాలి. న్యాయనిర్ణేతలు దానికే బహుమతులు ఇస్తారు. ఆ ప్రాణి ఏం తింటుంది, చేతులతో ఏం చేస్తుంది, దేనికి భయపడుతుంది అని అడిగేవారు లేరు.

నాకూ ఇది అనుభవమే. 1977 మే 19న మన జూ తెరిచిన తొలి ఏళ్లలో నేను హార్బరు దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. ఆదివారం బస్సెక్కి జూకి వెళ్లి, సాయంత్రం దాకా కోతుల ముందు కూర్చుని నోటుపుస్తకం నింపుకునేవాణ్ణి. తరువాత మైసూరు జూలో సింగళీకాలను చూసి, ఆరు నెలలు శ్రమించి ఒక కథ రాశాను. దాన్ని వేసుకున్న వారపత్రిక సంపాదకుడు, సింగళీకమంటే పాఠకులకు తెలియదని, నన్ను అడగకుండానే అన్నిచోట్లా కొండముచ్చు అని మార్చేశాడు. కొండముచ్చు ప్రధానంగా ఆకులు తినే బూడిదరంగు జంతువు. సింగళీకానికి నల్లని ఒళ్లు, ముఖం చుట్టూ వెండిరంగు జూలు, తోక కొసన సింహానికున్నట్టు కుచ్చు. ఆ సంచిక చేతికందిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నలభై ఏళ్లు దాటినా ఆ బాధ పోలేదు.

నీ కథలో మరో రెండు పొరపాట్లున్నాయి. సోమవారం ఉదయం జూ కిటకిటలాడుతోందని రాశావు. సోమవారం మన జూకి సెలవు. అంతకంటే పెద్ద తప్పు, నీ కుర్రవాడు ప్రేమ కొద్దీ రోజూ వేరుశనక్కాయలు విసరడం. జూలో జంతువులకు సందర్శకులు తిండి పెట్టడాన్ని వన్యప్రాణి సంరక్షణ చట్టం 38-జె సెక్షన్ నిషేధిస్తోంది. మనుషుల నుంచి కోతులకు క్షయ కూడా సోకుతుంది. దాన్ని నువ్వు ప్రేమగా చూపిస్తే, చదివిన పిల్లలు అదే చేస్తారు.

అసలు కథ నీ కళ్లముందే ఉంది. సింగళీకం సుమారు ఆరు నెలలు మోసి ఒక్క పిల్లను కంటుంది, మళ్లీ కనడానికి రెండేళ్లకు పైగా పడుతుంది. తేయాకు, కాఫీ తోటల కోసం అడవిని ముక్కలు చేశాక, ఒక ముక్కలోని గుంపు మరో ముక్కలోకి వెళ్లలేకపోయింది. తమిళనాడులోని వాల్పారై దగ్గర అవి రోడ్డు దాటుతూ వాహనాల కింద పడుతున్నాయి. చెట్టుకూ చెట్టుకూ మధ్య తాళ్ల వంతెనలు కట్టాల్సి వచ్చింది. అలాంటి జాతి పిల్ల జూలో పుట్టినప్పుడు దాని తల్లి ఎవరు, తండ్రి ఎవరు అని వంశావళి పుస్తకంలో రాసుకుంటారు. దగ్గరి రక్తసంబంధం కలవకుండా, ఎదిగిన మగపిల్లను మరో ఊరి జూకి పంపుతారు. సింగళీకాల విషయంలో ఆ బాధ్యత చెన్నై దగ్గరి వండలూరు జూది, రేచుకుక్కల విషయంలో మన విశాఖ జూది. పిల్లను బోనులోకి ఎక్కించే పొద్దున, దాన్ని చిన్నప్పటి నుంచి సాకిన కీపరు ఏం చేస్తాడో ఎప్పుడైనా ఆలోచించావా? జాతి నిలవడం కోసం ఒక తల్లిని, పిల్లను విడదీయడంలోని దుఃఖం నీకు ఎందుకు తట్టలేదు?

యాస గురించి, సంపుటి గురించి నువ్వు అడిగినవి ఇప్పుడు మాట్లాడే ఓపిక నాకు లేదు. నాలుగు ఆదివారాలు జూకి వెళ్లు. ఒక్క కోతిని ఎంచుకుని, పొద్దుటి నుంచి అది ఏం చేసిందో గంట గంటకూ రాసుకో. ఆ కాగితాలు ముందు నాకు పంపు, కథ తరువాత. బొప్పాయి ముక్క ఇచ్చేముందు కీపరు దాన్ని తన బుగ్గకు ఆనించి చల్లదనం చూసుకునే వాక్యం మూడో పేజీలో ఉంది. తిరగరాసేటప్పుడు దాన్ని మాత్రం తీసేయకు.