రెజ్యూమె టూల్‌కి యూరప్ ఏఐ చట్టం వర్తిస్తుందండీ

ఆఫీసూ సర్వర్లూ హైదరాబాద్‌లోనే ఉన్నాయి, జర్మనీ క్లయింటుకు రెజ్యూమెలు వడపోసే ఏఐ టూల్ ఇస్తున్నాం, యూరప్ చట్టంతో మనకేం పని అని అడిగారు. పని ఉందండీ. ఆ చట్టం రెండో అధికరణం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా సరే, టూల్ ఇచ్చే ఫలితాన్ని యూరోపియన్ యూనియన్ (ఈయూ)లో వాడితే చాలు, చట్టం వర్తిస్తుంది.

నియామకాల టూల్స్ 'హై రిస్క్' కిందికి, అంటే కఠిన నియమాలుండే వర్గంలోకి వస్తాయి. టెక్నికల్ డాక్యుమెంట్లు, లాగ్‌లు (టూల్ ఎప్పుడేం చేసిందో చూపే రికార్డులు), మనిషి పర్యవేక్షణ, ఈయూలో ఒక అధీకృత ప్రతినిధి కావాలి. వీటికి మొదట పెట్టిన గడువు 2026 ఆగస్టు 2. వాయిదా వేద్దామని ఈయూ కార్యనిర్వాహక సంస్థ యూరోపియన్ కమిషన్ 2025 నవంబరులో ప్రతిపాదించింది, తాజా తేదీ సరిచూసుకోండి.

నాకు భయం వేసింది మీరు చివర్లో రాసినదానికి. వీడియో ఇంటర్వ్యూలో ముఖం చూసి కంగారు, ఉత్సాహం లెక్కగట్టి మీ టూల్ స్కోరు ఇస్తుందన్నారు. పనిచేసే చోట ఇలా భావోద్వేగాలు పసిగట్టడం, వైద్య, భద్రతా కారణాలకు తప్ప, 2025 ఫిబ్రవరి 2 నుంచే నిషేధం. ఉద్యోగానికి వచ్చే అభ్యర్థులకూ ఇది వర్తిస్తుందని కమిషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. జరిమానా 3.5 కోట్ల యూరోలు లేదా టర్నోవర్‌లో 7 శాతం దాకా. చిన్న సంస్థలకైతే రెండింటిలో తక్కువది. కెమెరా ముందు తడబడే పిల్లలు ఎంతమంది లేరు! ఆ ఫీచర్ ఈరోజే తీసేయండి. మిగతావి లాయరుతో కూర్చుని నిదానంగా చూసుకోవచ్చు.