నలభై తొమ్మిదేళ్లకి తగ్గ పుస్తకం

అక్కా, ఎలిజబెత్ గిల్బర్ట్ రాసిన ప్రయాణ పుస్తకం 'ఈట్ ప్రే లవ్' సగంలో ఆపేశానన్నారు, ముప్పై దాటిన అమ్మాయి గోడు నలభై తొమ్మిదేళ్ల మీకెక్కలేదని. పిల్లలు పెద్దవాళ్లయ్యాక బయల్దేరిన ఆడమనిషి కథ కావాలన్నారు కదా, చివర్లో పెళ్లిభోజనం లేకుండా.

ముందు ఆలిస్ స్టైన్‌బాక్ రాసిన 'వితౌట్ రిజర్వేషన్స్' (2000) చదవండి. ఆవిడ అమెరికాలోని బాల్టిమోర్‌లో పత్రికా విలేఖరిగా పనిచేసింది, అక్కడ పత్రికా రచనకిచ్చే పెద్ద బహుమతి పులిట్జర్‌ని 1985లో అందుకున్న మనిషి. విడాకులయ్యాయి, కొడుకులిద్దరూ ఎదిగారు. ఉద్యోగానికి సెలవు పెట్టి పారిస్, లండన్, ఇటలీ తిరిగింది. వెళ్లిన ప్రతి ఊరి నుంచీ తన పేరుకే ఓ పోస్టుకార్డు రాసుకునేది, 'డియర్ ఆలిస్' అంటూ. నాకైతే ఆ కార్డుల కోసమే పుస్తకం కొనొచ్చనిపిస్తుంది. పారిస్‌లో నావోహిరో అనే జపాన్ ఆయన తారసపడతాడు. ప్రేమ ఉంది, కానీ దాని కోసం ఆవిడ ప్రయాణం ఆగదు. మీరడిగింది సరిగ్గా ఇదే.

రెండోది రీటా గోల్డెన్ గెల్మన్ 'టేల్స్ ఆఫ్ ఎ ఫిమేల్ నోమాడ్' (2001). పిల్లల పుస్తకాల రచయిత్రి. 48 ఏళ్లప్పుడు కాపురం బీటలువారుతుంటే ఒంటరిగా మెక్సికో వెళ్లింది. మొదట్లో హోటల్లో ఒక్కతే కూర్చుని తినడానికే జంకిన మనిషి, తర్వాత ఇండోనేషియాలోని బాలి దీవిలో ఏళ్ల తరబడి ఉండిపోయింది. మధ్యలో కాస్త సాగదీత ఉంది, బాలి భాగం మాత్రం వదలకండి.

రెండూ ఇంగ్లీషే, కానీ తేలికైన ఇంగ్లీషు. స్టైన్‌బాక్‌తోనే మొదలుపెట్టండి. పోస్టుకార్డుల దగ్గర మీకేమనిపించిందో వచ్చి చెప్పాలి మరి.